తేనెటీగలపై ప్రభుత్వ సమాచారమును చదువుట ఎట్లు?

ప్రొద్దుతిరుగుడు, ఆవ, పుచ్చ, ఉల్లి విత్తనపు పంట మున్నగు పైరులలో గింజ పట్టుటకు, కాయ నిలుచుటకు తేనెటీగల సాయము మిక్కిలి అవసరము. ఈ ఈగలు తగ్గిపోవుచున్నవను మాట నేడు రైతులకు సెల్‌ఫోనులోనే చేరుచున్నది. ప్రభుత్వ శాఖల వెబ్‌సైటులలోని సమాచారమును తప్పక చదువుడు. అయితే దానిని మీ పొలమునకు అన్వయించుటకు ముందు ఈ ప్రశ్నలు వేసికొనవలెను.

1. ఏ ఈగను గురించి? పెట్టెలలో పెంచు ఇటాలియన్ తేనెటీగ వేరు. చెట్టు తొర్రలలోనుండు దేశీ తేనెటీగ, కొండ తేనెటీగ వేరు. ప్రపంచమున పెంపుడు పెట్టెల సంఖ్య 1961 నుండి మొత్తముమీద పెరిగినది. ఆ లెక్కనుబట్టి అడవి ఈగలు క్షేమమని తలపరాదు.

2. ఏ దేశము, ఏ కాలము? 2006లో అమెరికాలో పని ఈగలు పెట్టెలు విడిచి మాయమైనవి. దక్షిణ భారతమున 1990ల ఆరంభములో దేశీ తేనెటీగల పిల్లపురుగులను చంపినది థాయ్ సాక్‌బ్రూడ్ అను వైరస్ తెగులు. కారణము వేరైనచో నివారణయు వేరు.

3. ఏ చట్టము? ఐరోపా సమాఖ్య 2018లో ఇమిడాక్లోప్రిడ్, క్లోథయానిడిన్, థయామెథాక్సామ్ మందులను ఆరుబయట పైరులపై నిషేధించినది. ఆ నిషేధము మన దేశమునకు వర్తింపదు. కాని ఆ మందులు ఈగలకు చేయు హాని ఇచ్చటను అంతియే.

4. ఏమి చేయుమని చెప్పుచున్నది? "మందులు తగ్గించుడు" అనుట చాలదు. ఏ మందు, పైరు ఏ దశలో, ఏ వేళ చల్లరాదో తెలుపునదే పనికివచ్చు సమాచారము.

ఒక ముఖ్య విషయము. మందు డబ్బాపైనుండు ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ త్రికోణములు మనుష్యులకు కలుగు ప్రమాద తీవ్రతను సూచించును. తేనెటీగలకు కలుగు ప్రమాదమును సూచింపవు. కావున ఆకుపచ్చ గుర్తును చూచి పూతపై నిర్భయముగా చల్లరాదు. డబ్బాతో వచ్చు కరపత్రమును పూర్తిగా చదువవలెను.

పూత దశలో మందు చల్లక తప్పనిచో, సాయంత్రము ఈగలు గూటికి మరలిన పిమ్మట చల్లుడు. చుట్టుప్రక్కల పెట్టెలుంచినవారికి ముందునాడే తెలియజేయుడు. సందేహమున్నచో సమీప కృషి విజ్ఞాన కేంద్రమునందు విచారింపుడు. ఈగలు చచ్చినచో నష్టము పెట్టెల యజమానితో ఆగదు. ప్రొద్దుతిరుగుడు పువ్వులో తాలు గింజలై మీకును చేరును.