అమ్మవారనుకొని ఆలస్యం చేయకండి



ఈ పత్రికలో నేను సాధారణంగా వ్రాసేది నూలు ధర, పట్టు ధర, రిబేటు బాకీలు మొదలైన సంగతులు. ఈ మాసం ఒక చర్మవ్యాధిని గురించి వ్రాస్తున్నాను. నేను వైద్యుడను కాను. మెట్రిక్యులేషను వరకు చదివినవాడను. మా ఇంట జరిగినది మరొక ఇంట జరగకూడదనే ఉద్దేశంతో, డాక్టర్లను అడిగి తెలుసుకొన్న మేరకు మీ ముందుంచుతున్నాను.

మా చెల్లెలి ఇల్లు బెంగుళూరు పాతపేటలో. మగ్గం ఇంట్లోనే. ఆమె కుమారునికి మూడేళ్ళు. ఆరు నెలల పసివాడుగా ఉన్నప్పటి నుండి వానికి మోచేతి మడతలలో, మోకాళ్ళ వెనుక, బుగ్గల మీద చర్మం పొడిబారి ఎర్రనై, గోకి గోకి రసి కారడం మామూలు. దీనిని ఎగ్జిమా అంటారు. మన ఇళ్ళలో కొందరు గజ్జి అని, కొందరు తామర అని అంటారు గాని అవి వేరు. గజ్జి చర్మంలో దూరే సన్నని పురుగు వల్ల, తామర బూజు జాతి క్రిమి వల్ల వస్తాయి. ఆ రెండూ అంటుకొనేవి. ఎగ్జిమా ఒకరి నుండి ఒకరికి అంటేది కాదు.

అవి వరమహాలక్ష్మి పండుగకు ముందు రోజులు. మగ్గం ఆగడానికి వీలులేని కాలమని మీకు చెప్పనక్కర లేదు. సోమవారం నాడు పిల్లవాని బుగ్గ మీద, మెడ మీద చిన్న చిన్న పొక్కులు లేచినవి. పాత ఎగ్జిమాయే అనుకొని మందుల షాపులో ఒక ఆయింట్‌మెంటు తెచ్చి పూసినారు. మరునాటికి జ్వరం వచ్చినది; పొక్కులు రెట్టింపైనవి. ఇరుగుపొరుగువారు "అమ్మవారు పోసింది" అన్నారు. గుమ్మానికి వేపాకు కట్టి, ఇంట్లో తాలింపు మానివేసినారు. చెల్లెలు నాకు ఫోను చేసి, "అన్నా, బిడ్డ ఒంటి మీద చెయ్యి వేస్తే చాలు, కేకలు పెడుతున్నాడు. ఏం చేయమంటావు?" అని అడిగినది. "అమ్మవారైతే వారంలో తగ్గుతుందిలే అమ్మా. గురువారానికి చీరలు అందాలి, ముందు అది చూడు" అన్నది నేనే. ఈ మాట వ్రాయడానికి నాకు సిగ్గుగా ఉన్నది. అయినా వ్రాయక తప్పదు.

గురువారం నేను వెళ్ళినది చీరల కోసమే. చూద్దును గదా, పిల్లవాని కుడి కంటి రెప్ప వాచి మూసుకొనిపోయి ఉన్నది. పొక్కులు పగిలినచోట్ల తొలిచినట్లు గుండ్రని పుండ్లు. వెంటనే మగ్గం ఆపించి, ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకొని పోయినాము. అక్కడి డాక్టరమ్మ చూడగానే కన్నడంలో "ఇదు అమ్మ అల్ల" అన్నారు. ఇది అమ్మవారు కాదు అని అర్థం. ఎగ్జిమా ఉన్న చర్మానికి హెర్పిస్ అనే వైరస్ అంటుకొన్నదని, కంటి దాకా వచ్చినది గనుక ఒక్క పూట కూడా జాగు చేయరాదని చెప్పి అప్పటికప్పుడు చేర్చుకొన్నారు. నరం ద్వారా మందు ఎక్కించినారు. కంటి డాక్టరును పిలిపించి చూపించినారు. ఆరవనాడు ఇంటికి పంపినారు. దేవుని దయ వల్ల చూపు దక్కినది.

ఈ వైరస్ ఎక్కడో అడవిలోనిది కాదు. జ్వరం వచ్చినప్పుడు, నలిగినప్పుడు పెదవి అంచున పేలే నీటిపొక్కులు దీనివే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్ళ లోపు వారిలో మూడింట సుమారు రెండు వంతుల మందిలో ఇది ఉన్నది. చాలామందికి చిన్నతనంలోనే ముద్దుల ద్వారా, ఎంగిలి ద్వారా వచ్చి, నరాలలో దాగి ఉంటుంది. మంచి చర్మం మీద ఇది పెదవి దగ్గరే ఆగిపోతుంది. నేత బిగువుగా పడిన గుడ్డలో నీరు త్వరగా దిగదు. పలచగా పడిన నేతలో పోసినది పోసినట్లు దిగిపోతుంది గదా. ఎగ్జిమా ఉన్న చర్మం అటువంటి పలచని నేత. వైరస్ అడ్డు లేకుండా ప్రాకిపోతుంది.

1887లో మోరిట్జ్ కపోసి అనే వియన్నా చర్మవైద్యుడు ఈ వ్యాధిని మొదట వర్ణించినాడు. మందు లేని ఆ రోజులలో దీనితో ప్రాణాలు పోయినవారున్నారు. ఇప్పుడు అసైక్లోవిర్ అనే మందు ఉన్నది. దాని వెనుక ఉన్న పరిశోధకురాలు గెర్‌ట్రూడ్ ఎలియన్ గారు 1988లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరు. మందు ఉన్నది, చాలా చోట్ల దొరుకుతుంది. లేనిదల్లా సకాలంలో గుర్తించడమే.

మన పెద్దలు "పెద్దమ్మవారు" అన్న మశూచి లోకంలో లేదని 1980లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. ఇప్పుడు మన వీధులలో అమ్మవారు అంటున్నది ఎక్కువగా ఆటలమ్మను. దానికీ, దీనికీ తేడా ఇట్లు గుర్తించవచ్చును:

1. ఆటలమ్మ పొక్కులు వీపు, పొట్ట మొదలు ఒళ్ళంతా విడతలు విడతలుగా లేస్తాయి. ఒకటి కొత్తది, ఒకటి ఎండినది, ఇట్లు పక్కపక్కనే ఉంటాయి. ఈ వ్యాధిలో ఎగ్జిమా ఉన్నచోటనే, ముఖ్యంగా ముఖం, మెడ మీద, గుంపులుగా, అన్నీ దాదాపు ఒకే పరిమాణంలో లేస్తాయి. తరువాత ఇతర చోట్లకు ప్రాకవచ్చును.

2. పొక్కు నడుమ బొడ్డు వలె చిన్న గుంట ఉంటుంది. పగిలితే తొలిచినట్లు గుండ్రని పుండు పడుతుంది.

3. ఎగ్జిమా దురద పెడుతుంది. ఇది నొప్పి, మంట పెడుతుంది. ఎప్పుడూ గోకుకొనే బిడ్డ తాకనివ్వకపోతే అనుమానించవలెను.

4. జ్వరం, మెడ దగ్గర బిళ్ళలు కట్టడం, తిండి మానడం, బిడ్డ మందకొడిగా పడి ఉండడం కూడా చూడవచ్చును.

వీటిలో నాలుగూ కనిపించేదాకా ఆగవద్దు. ఎగ్జిమా ఉన్నవారికి నొప్పితో కూడిన పొక్కులు లేచినవంటే ఆ రోజే డాక్టరుకు చూపించవలెను. కంటి దగ్గర లేచినా, చంటిబిడ్డ అయినా, రాత్రి అయినా సరే ఆసుపత్రికి పోవలెను. అక్కడ "ఈ బిడ్డకు ముందు నుండి ఎగ్జిమా ఉన్నది" అని మొదటి మాటగా చెప్పండి. జేగురు పూయించడం, పసరు రాయడం, షాపువారు ఇచ్చిన స్టిరాయిడ్ ఆయింట్‌మెంటు మీ అంతట మీరు పూయడం వద్దు. జ్వరం తగ్గగానే మందు మానవద్దు. చెప్పినన్ని రోజులు వాడవలెను. చీము పట్టితే దానికి వేరే మందు కూడా ఇస్తారు. నొప్పి లేకుండా ముత్యాల వలె మెరిసే గట్టి బొడిపెలు కూడా ఒక వైరస్ వల్ల వచ్చేవే గాని వాటికి ఇంత తొందర లేదు. వీలు చూసుకొని చూపించవచ్చును.

పేటలో ఉన్నవారికి సిటీ మార్కెట్టు దగ్గరనే 1900లో ప్రారంభమైన విక్టోరియా ఆసుపత్రి, దాని పక్కనే తల్లులకు, పిల్లలకు 1935 నుండి ఉన్న వాణీవిలాస్ ఆసుపత్రి, సమీపంలోనే మింటో కంటి ఆసుపత్రి ఉన్నవి. మూడూ ప్రభుత్వానివే. రేషను కార్డు మరచిపోకుండా తీసుకొని పోండి.

మరొక మాట. ఆసుపత్రిలో డాక్టరమ్మ "ఇంట్లో ఎవరికైనా పెదవి పేలిందా?" అని అడిగినారు. మా అమ్మకు అంతకు వారం క్రితమే పేలినది. మనుమడిని ఎత్తుకొని ముద్దాడని రోజు ఆమెకు లేదు. ఆ మాట విన్న తరువాత మా అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టుకొని, "అవ్వా, ఇది నీ తప్పు కాదు. తెలియక జరిగింది. నూటికి అరవై మందిలో ఉన్నదే నీలోనూ ఉన్నది" అని నచ్చచెప్పినారు. హెర్పిస్ అన్న పేరు విని కొందరు చెడు అర్థాలు తీస్తారు. ఎవరి నడవడికీ దీనితో సంబంధం లేదు. ఆ తల్లిని, ఆ అవ్వను నిందించవద్దు. పెదవి పేలినవారు అది పూర్తిగా ఆరేదాకా బిడ్డను ముద్దు పెట్టుకోకుండా, తువ్వాలు, గ్లాసు వేరుగా ఉంచుకొని, చేతులు సబ్బుతో కడుక్కొంటే చాలును.

ఒకసారి వచ్చినవారికి మళ్ళీ రావచ్చును గనుక ఎగ్జిమాను అదుపులో ఉంచుకోవడమే అసలు రక్ష. గోరువెచ్చని నీటితో స్నానం, ఒళ్ళు తడి ఆరకముందే డాక్టరు చెప్పిన లేపనం, గోళ్ళు కత్తిరించడం, ఇవి నిత్యం జరగవలెను. పెద్దలకూ ఇదే వర్తిస్తుంది. రంగుల తొట్టి దగ్గర పనిచేసేవారు లోపల నూలు తొడుగు, పైన రబ్బరు తొడుగు వేసుకోండి. చేతికంటిన రంగు పోవడానికి బ్లీచింగు నీళ్ళతో కడగవద్దు. పగిలిన చేయి క్రిములకు తెరిచిన తలుపు.

చివరిగా కార్యదర్శిగా ఒక మాట. ఆ వారం చీరలు నాలుగు రోజులు ఆలస్యంగా అందినవి. షాపువారు ఒక మాట అన్నారు, పడ్డాను. అంతటితో తీరిపోయినది. కన్ను పోయి ఉంటే ఏ పండుగకు తీరేది? ఇకమీదట ఇంట్లో బిడ్డకు జబ్బు చేసినదని సభ్యులు కబురు చేస్తే సరుకు గడువు నేను అడగను. మగ్గం ఆపండి. పడుగు ఎక్కడికీ పోదు.

ఇట్లు
సభ్యుల సేవలో,
కార్యదర్శి