దొంగ చేతిలో మన పేరు

పూర్వం దొంగ గోడకు కన్నం వేసేవాడు. ఇంటివారు మేలుకుంటారేమోనని, వీధికుక్క మొరుగుతుందేమోనని వాడికి భయం ఉండేది. ఇప్పటి దొంగకు ఆ బాధ లేదు. వాడు మన ఇంటి ఛాయలకే రాడు. మన పేరు పెట్టుకుని, మన ఫొటో తగిలించుకుని, మన ఖాతాలో మన స్థానంలో కూర్చుంటాడు. అక్కడి నుంచి మనలను నమ్మినవారిని దోచుకుంటాడు. ఇంగ్లీషు పత్రికలు దీనిని 'అకౌంట్ టేకోవర్' అంటున్నవి. మనం ఖాతా కబ్జా అనుకుందాము. పొలం కబ్జా అంటే ఏమిటో మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు గదా!

ఇది పట్టణాలవారి గొడవ, నల్లంపల్లిలో ఉన్న మనకేమిటి అని కొందరు పెద్దలు అంటున్నారు. ఆ కాలం దాటిపోయినది. 2016లో యూ.పి.ఐ. వచ్చిన తరువాత సంతలో మేకను కొనేవాడు కూడా జేబులోనుంచి ఫోను తీసి డబ్బు పంపుతున్నాడు. మన కుటుంబాలలో ఎందరో ఆడవారు ఇంటిపట్టున ఉండే చీరెలు, ఊరగాయలు, చింతపండు, మామిడిపండ్లు వాట్సప్‌లోను, ఇన్‌స్టాగ్రామ్‌లోను బొమ్మలు పెట్టి సేలం, హోసూరు, బెంగుళూరులకు అమ్ముతున్నారు. ఈ దుకాణాలకు బోర్డు లేదు, షట్టరు లేదు. ఉన్న ఆస్తి అంతా ఒక ఫోను నంబరు, దానిని నమ్మిన కొన్ని వందల మంది. ఆ నంబరు దొంగ చేతికి పోతే దుకాణం తాళంచెవులతో పాటు యజమానురాలి ముఖం కూడా పోయినట్లే.

మా బంధువర్గంలో ఒక అమ్మాయి చీరెల వ్యాపారం చేస్తున్నది. పండుగ బేరాల రోజులలో ఆమెకు తెలిసిన ఖాతాదారు నంబరు నుంచే ఒక సందేశం వచ్చినది. "అక్కా, నాకు రావలసిన ఆరంకెల కోడు పొరపాటున మీ ఫోనుకు వచ్చినది, కొంచెం చెప్పండి" అని. చెప్పినది. పది నిమిషాలలో ఆమె ఫోనులో వాట్సప్ మూతపడినది. ఆ ఖాతాదారు నంబరు అప్పటికే దొంగ వశమై ఉన్నది! తరువాత ఈమె పేరుతో ఈమె ఖాతాదారులందరికీ, "పండుగ తగ్గింపు, ముందుగా సగం డబ్బు ఈ నంబరుకు పంపండి" అని సందేశాలు పోయినవి. పదకొండుగురు పంపినారు. ఆమె చీటీ పాడుకుని ఆ పదకొండుగురికీ ఎవరి సొమ్ము వారికి తిరిగి ఇచ్చినది. అయినా వారిలో ఇద్దరు మళ్లీ బేరానికి రాలేదు.

చదువుకున్న పిల్ల ఇట్లా చేయవచ్చునా అని చాలామంది ఆమెనే తిట్టినారు. నాకు అది న్యాయమని తోచదు. అపరిచితుడు అడిగితే ఆమె చెప్పేది కాదు. తెలిసినవారు అడిగితే కాదనకపోవడం మన ఇళ్లలో నేర్పిన మర్యాద. దొంగ పట్టుకున్నది ఆ మర్యాదనే.

ఆ ఆరంకెల కోడు సంగతి ఇంటింటా తెలియవలెను. మన నంబరుతో ఎవరైనా వేరొక ఫోనులో వాట్సప్ తెరవదలచితే, ఆ నంబరు మనదేనా అని నిర్ధారించుకోవడానికి కంపెనీ మన ఫోనుకు కోడు పంపుతుంది. దానిని ఎవరు తమ ఫోనులో నొక్కితే ఖాతా వారిది. ఎవరికీ చెప్పవద్దని ఆ సందేశంలోనే వ్రాసి ఉంటుంది. కాని అది సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. మన ఇళ్లలో ముసలివారు తెలుగు మాట్లాడుతారు, అరవం చదువుతారు. ఆ ఇంగ్లీషు హెచ్చరిక వారికి కేవలం గీతలు. దొంగ మాత్రం వారికి తెలిసిన భాషలోనే మాట్లాడుతాడు! పిల్లలు ఒక సాయంకాలం అవ్వ దగ్గర కూర్చుని ఆ సందేశం చూపించి, తెలుగులో చదివి అర్థం చెప్పితే పది సర్క్యులర్లకంటె మేలు.

దీనికి రెండవ తాళం ఒకటి ఉన్నది. వాట్సప్ సెట్టింగులలో అకౌంట్ అనేచోట 'టూ స్టెప్ వెరిఫికేషన్' అని ఉంటుంది. అక్కడ మనం ఒక ఆరంకెల రహస్య సంఖ్య పెట్టుకోవచ్చును. అప్పుడు కోడు దొంగకు చిక్కినా ఖాతా తెరుచుకోదు. ఇప్పటికే పోగొట్టుకున్నవారు తమ ఫోనులో తిరిగి అదే నంబరు నమోదు చేసి, కొత్తగా వచ్చిన కోడు నొక్కితే దొంగ బయటికి పోతాడు. వాడు ముందే రహస్య సంఖ్య పెట్టి ఉంటే మనం లోపలికి పోవడానికి 7 రోజులు ఆగవలెను. అయితే ఆ 7 రోజులూ వాడు కూడా లోపల ఉండలేడు.

ఇక పాస్‌వర్డుల సంగతి. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1960 ప్రాంతాలలో ఒక్క కంప్యూటరును పలువురు వంతులవారీగా వాడుకునేవారు. ఎవరి గంటలు వారికే చెందవలెనని పాస్‌వర్డులు పెట్టినారు. ఆలెన్ షెర్ అనే పరిశోధకునికి తన గంటలు చాలలేదు. 1962లో ఆయన పాస్‌వర్డుల పట్టికనే అచ్చు వేయించుకుని ఇతరుల గంటలు వాడుకున్నాడు! తాళమూ దొంగతనమూ కవలపిల్లలు కాబోలు. నాటి పట్టిక ఒక గదిలోనిది. 2013లో యాహూ కంపెనీ నుంచి పోయిన వివరాలు 300 కోట్ల ఖాతాలవి. మన దేశంలో బిగ్‌బాస్కెట్ ఖాతాదారులు సుమారు 2 కోట్లమంది వివరాలు బయటపడినట్లు 2020లో పత్రికలలో వచ్చినది. దొంగలు ఇట్టి పట్టికలు సంపాదించి, ఒకచోటి పాస్‌వర్డును యంత్రాలతో వందలాది ఇతర దుకాణాలలో ప్రయత్నిస్తారు. ఇంటికి, బీరువాకు, కొట్టుకు ఒకే తాళంచెవి పెట్టుకున్నవారు అక్కడ దొరికిపోతారు. పాస్‌వర్డులు నోటుపుస్తకంలో వ్రాసి బీరువాలో పెట్టుకోవడం తప్పని కొందరంటారు. అన్నిటికీ ఒకటే పెట్టుకోవడంకంటె అదే నయమని నా అభిప్రాయం.

కొందరు దొంగలు మన పేరుతో నకలు సిమ్ తీసి, బ్యాంకు కోడులు తమకే వచ్చేటట్లు చేసుకుంటారు. కారణం లేకుండా గంటలకొద్దీ సిగ్నల్ పోతే వేరొక ఫోను నుంచి కంపెనీని అడగవలెను. సిమ్ మార్చిన 7 రోజులలోపల ఆ నంబరును వేరొక కంపెనీకి మార్చరాదనే నిబంధన 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చినది. మన పేరుమీద ఎన్ని సిమ్ములున్నవో ప్రభుత్వంవారి సంచార్ సాథీలో చూచుకోవచ్చును.

వ్యాపారస్థుల వైపు నుంచి చూస్తే హైదరాబాదు మహేశ్ బ్యాంకు కథ గుర్తుంచుకోదగినది. ఈ సహకార బ్యాంకు నుంచి 2022 జనవరిలో 12 కోట్ల రూపాయలకు పైగా పోయినది. దొంగలు అంతకు ముందు, 2021 నవంబరులోనే, ఉద్యోగులకు కల్లబొల్లి ఈమెయిళ్లు పంపినారని పోలీసులు కనుగొన్నారు. వాటిని తెరిచిన ఉద్యోగుల కంప్యూటర్ల ద్వారా లోపల ప్రవేశించి, కొన్ని ఖాతాలలో నిల్వలు పెంచి, ఆ డబ్బును వందకు పైగా ఖాతాలకు మళ్లించినారు. భద్రతలో లోపాలకు గాను 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసినది.

మా వంటి గుమాస్తాల ఆఫీసులలో ఒకరు వ్రాసిన వోచరును మరొకరు సరిచూచి సంతకం చేయనిదే డబ్బు కదలదు. దానిని చాదస్తమనేవారున్నారు. ఆన్‌లైను దుకాణాలవారికి కావలసినది సరిగా ఆ చాదస్తమే. ఖాతాదారు ఫోను నంబరు గాని, చిరునామా గాని మారితే పాత నంబరుకు తెలియజేయవలెను. మార్చిన గంటలోనే కొత్త చిరునామాకు ఖరీదైన సరుకు పంపరాదు. పనివారికి ఎవరి లాగిన్ వారికుండవలెను. పని మానినవాని లాగిన్ ఆ సాయంకాలమే మూయవలెను. అందరూ ఒకే పాస్‌వర్డు వాడే కొట్టులో తప్పు ఎవరిదో తేలదు. చిన్న వ్యాపారం చేసే మన ఆడపడుచులైతే డబ్బు పుచ్చుకునే నంబరును ఎన్నడూ మార్చబోమని ఖాతాదారులకు ముందే చెప్పి ఉంచవచ్చును. అట్లా చెప్పి ఉంటే, కొత్త నంబరుకు పంపమని అడిగినవాడు దొంగ అని వారికే తెలుస్తుంది.

డబ్బు పోయినదని తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోను చేయవలెను. డబ్బు దొంగ ఖాతాలో ఉండగానే నిలిపివేయడానికి ఈ ఏర్పాటు. వాడు దానిని పది ఖాతాలకు చీల్చి తీసివేసిన తరువాత ఎవరూ ఏమీ చేయలేరు. బ్యాంకుకు కూడా వెంటనే తెలుపవలెను. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు మనదీ బ్యాంకుదీ కానప్పుడు 3 పనిదినాలలో తెలిపినవారిపై నష్టం పడదు. మనమే కోడు చెప్పి ఉంటే, తెలిపేవరకు జరిగిన నష్టం మనది, తెలిపిన తరువాతిది బ్యాంకుది. అందువలన సిగ్గుపడి రెండురోజులు దాచడం మహా నష్టం. ఫిర్యాదుకు డబ్బు పోయిన తేదీ, గంట, మొత్తం, లావాదేవీ సంఖ్య దగ్గర ఉంచుకోవలెను. దొంగ పంపిన సందేశాలు కోపంలో చెరిపివేయకుండా, ఫొటో తీసి ఉంచితే ధర్మపురిలోని జిల్లా సైబర్ నేరాల పోలీసులకు చూపవచ్చును.