విద్యార్థి పరిశోధన – నైతిక అనుమతి

మనుషులతో ముడిపడిన ఏ పరిశోధనకైనా ముందుగా నైతిక అనుమతి పొందవలెనన్న నియమం మన వైద్య కళాశాలల్లో అందరూ ఎరిగినదే. అయినా పలువురు విద్యార్థులు దీనిని సిద్ధాంత వ్యాసానికి జతపరచవలసిన మరొక కాగితంగానే భావిస్తున్నారు. అంశం ఖరారైనది, మార్గదర్శకుడు సరేనన్నారు, ప్రశ్నావళి సిద్ధమైనది; ఇక సంఘం సమావేశమయ్యే వరకు ఆగడమెందుకని సమాచార సేకరణకు బయలుదేరేవారు లేకపోలేదు. ఆ కాగితం వెనుక ఏమున్నదో తెలియాలంటే ఒకసారి భద్రాచలం వైపు చూడవలసి ఉన్నది.

2009 జూలైలో, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, 10 నుండి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార కాన్సరును నిరోధించే టీకా ఇచ్చే పథకమొకటి ప్రారంభమైనది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలను అందుకు ఎంచుకున్నారు. ఒక అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం ఇందులో భాగస్వాములు. టీకా వేయించుకున్నవారిలో గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో, వసతి గృహాల్లో చదువుకుంటున్న పిల్లలు పెక్కుమంది. కొందరు బాలికలు మరణించారన్న వార్తలతో ఆందోళన చెలరేగగా 2010 ఏప్రిల్‌లో పథకాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలినది మరొకటి. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాలలో 2,763 పత్రాలపై సంతకాలు తల్లిదండ్రులవి కావు. ప్రధానోపాధ్యాయులవి, వసతి గృహ వార్డెన్లవి. మరో 1,948 పత్రాలపై వేలిముద్రలున్నవి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ తీరును తీవ్రంగా తప్పుపట్టినది. పత్రాలు లేక జరిగిన లోపం కాదిది. పత్రాలున్నవి, సమ్మతించవలసినవారే వాటిలో లేరు.

ఇప్పుడు ఒక వైద్య విద్యార్థిని అటువంటి వసతి గృహంలోనే రక్తహీనతపై చిన్న అధ్యయనం తలపెట్టిందనుకుందాం. ప్రయోగాత్మకమైన మందు ఏదీ లేదు. వేలి కొసనుండి ఒక చుక్క నెత్తురు, పది ప్రశ్నలు, అంతే. దీనిలో ప్రమాదమేమున్నదని ఆమె అడగవచ్చు. కాని నైతిక సమీక్షా సంఘంలో వైద్యుడు కాని సభ్యుడొకరు ఆమెనే మరొకటి అడుగుతారు: "వద్దు అనదలచిన పిల్ల ఎవరితో చెప్పాలి?" వార్డెను పిలిచి వరుసలో నిలబెట్టిన పిల్లలకు ఆ అవకాశం లేదు. నెత్తురు తక్కువగా ఉన్నట్లు తేలిన పిల్లకు మందు ఎవరిప్పిస్తారు? రుతుక్రమం గురించిన ప్రశ్నకు ఆ పిల్ల ఇచ్చిన సమాధానం పక్క మంచం మీది పిల్ల చెవిన పడదు గదా? పేర్లున్న పుస్తకం ఎవరి బీరువాలో ఉంటుంది? నా మట్టుకు, వ్యాసం చివరనున్న పట్టికలన్నిటికంటె ఈ ప్రశ్నలకు దొరికే జవాబులే విలువైనవి. అవి మొదటి బాలికను పలుకరించక మునుపే దొరకాలి. చుక్క నెత్తురు తీసిన తరువాత దొరికితే ప్రయోజనం లేదు. సేకరణ ముగించి వచ్చినవారికి వెనుకటి తేదీతో అనుమతి ఇవ్వకపోవడానికి కారణమిదే.

భారత వైద్య పరిశోధన మండలి ఈ విషయమై 1980లోనే ఒక విధాన ప్రకటన వెలువరించినది. 2000, 2006 సంవత్సరాలలో దానిని విస్తరించినది. ఇప్పుడు ఆధారంగా ఉన్నవి 2017 నాటి జాతీయ మార్గదర్శక సూత్రాలు. వీటి ప్రకారం సంఘాధ్యక్షుడు ఆ సంస్థకు వెలుపలివాడై ఉండాలి. న్యాయశాస్త్రం తెలిసినవారు, సామాన్య పౌరుడు కూడ సభ్యులుగా ఉండాలి. 2019 నాటి నూతన ఔషధాల, క్లినికల్ పరీక్షల నియమావళి వచ్చిన పిమ్మట, ఆరోగ్య పరిశోధనలను సమీక్షించే సంఘాలు కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం వద్ద నమోదు కావడం విధి అయినది.

మన విద్యార్థిని విషయానికే వస్తే, ప్రధానోపాధ్యాయుని అనుమతి ఆమెకు అవసరమే. అది గేటు తెరిపిస్తుంది. తల్లిదండ్రుల సమ్మతికి మాత్రం బదులు కాదు. తల్లి చదువుకోనిదైతే పత్రంలోని విషయమంతా నిష్పక్షపాతియైన సాక్షి ఎదుట ఆమెకు వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. ఏడు నుండి పన్నెండేళ్ల లోపు పిల్లలు నోటిమాటగా, ఆపై పద్దెనిమిదేళ్ల లోపువారు వ్రాతపూర్వకంగా తమ అంగీకారం తెలుపవలసి ఉంటుంది. భద్రాచలం ప్రాంతంలో ఇంకొక చిక్కున్నది. పత్రం తెలుగులో ఉండవచ్చు, ఇంటి మాట కోయ భాష కావచ్చు. తల్లికి అర్థమయ్యేట్లు ఆ భాషలో వివరించగలవారెవరో దరఖాస్తులోనే చెప్పుకోవడం మేలు.

ప్రతి పరిశోధనా పూర్తి సమావేశం ముందుకు రానక్కరలేదు. ఇప్పటికే బహిరంగంగా లభ్యమయ్యే సమాచారంపై చేసే అధ్యయనాలకు మినహాయింపు, ప్రమాదం స్వల్పమైన వాటికి త్వరిత సమీక్ష ఉన్నవి. అయితే తన పరిశోధనకు మినహాయింపు వర్తిస్తుందో లేదో నిర్ణయించుకునే అధికారం పరిశోధకునికి లేదు; అదికూడ సంఘమే చెప్పాలి.

జాప్యం గురించిన ఫిర్యాదును తోసిపుచ్చలేము. సంఘం ఎప్పుడు కూడుతుందో తెలియక, రెండు నెలల సెలవులో ముగించవలసిన పని కోసం విద్యార్థులు ఎదురుచూస్తూ కూర్చోవడం న్యాయం కాదు. సమావేశాల తేదీలను సంవత్సరారంభంలోనే ప్రకటిస్తే, ప్రశ్నావళితోపాటే దరఖాస్తునూ సిద్ధం చేయించే బాధ్యతను మార్గదర్శకులు తీసుకుంటే ఈ బాధ చాలవరకు తప్పుతుంది. అనుమతి పొందిన ప్రశ్నావళిలో తరువాత ఒక్క ప్రశ్న చేర్చదలచినా, వసతి గృహాన్ని మార్చదలచినా మళ్లీ సంఘానికి తెలిపి ఆమోదం పొందవలసిందే. ఈ సంగతి తెలియక వ్యాసం సమర్పించే వేళ చిక్కుల్లో పడే విద్యార్థులు ఉంటూనే ఉన్నారు.