అద్దంలో కనిపించని పొట్ట

బరువు తగ్గాలనుకునే మనిషి ఓపికను అన్నిటికన్నా ఎక్కువగా పరీక్షించేది పొట్ట. నాలుగైదు నెలలపాటు అన్నం తగ్గించి, రోజూ నడిచి, ఏడెనిమిది కిలోలు తగ్గాక బుగ్గలు లోపలికి పోతాయి, మెడ ఎముకలు తేలుతాయి, వేలి ఉంగరం వదులవుతుంది. ఎదురైనవాళ్లు "ఏంటి, ఒంట్లో బాగాలేదా, ఇలా చిక్కిపోయావు" అని పలకరిస్తారు. పొట్ట మాత్రం చొక్కా కింద మునుపటిలాగే తెలుస్తూ ఉంటుంది. చాలామంది విసిగిపోయి ప్రయత్నం మానేసేది సరిగ్గా ఇక్కడే. ఆ విసుగును తప్పుపట్టలేం. అయితే దాని వెనకున్న లెక్క తప్పని చెప్పడానికి గట్టి ఆధారాలున్నాయి. పొట్ట దగ్గర చేరేది ఒక కొవ్వు కాదు, రెండు. ఆరోగ్యాన్ని దెబ్బతీసేది మొదట కరుగుతుంది, కంటికి కనిపించేది ఆలస్యంగా కరుగుతుంది. అద్దంలో మనం రోజూ చూసుకునేది ఆ రెండోదాన్నే.

వేళ్లతో పట్టుకుంటే చేతికి అందే మడత చర్మం కింద ఉండే కొవ్వు. అది కండరాల గోడకు బయట ఉంటుంది. గోడకు లోపల పేగుల చుట్టూ, వాటి ముందు తెరలా వేలాడే పొర నిండా, కాలేయం పరిసరాల్లో మరో కొవ్వు ఉంటుంది. పురుషుల ఒంట్లోని మొత్తం కొవ్వులో ఇది పది ఇరవై శాతం మించదు, స్త్రీలలో ఇంకా తక్కువ. పరిమాణంలో చిన్నదే అయినా దీని ప్రభావం పెద్దది. ఇందులో చాలాభాగం నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికి చేరుతుంది కాబట్టి, ఇక్కడ విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలూ వాపును పెంచే రసాయనాలూ ముందుగా కాలేయాన్నే తాకుతాయి. కొవ్వు ఎంత ఉందన్నదానికన్నా ఎక్కడ ఉందన్నదే ముఖ్యమని ఫ్రాన్సులోని మార్సెయ్‌కు చెందిన వైద్యుడు జాన్ వాగ్ 1947లోనే రాశాడు. తుంటి, తొడల్లో కొవ్వు చేరేవారికన్నా నడుము పైభాగంలో చేరేవారికి మధుమేహం, గుండె జబ్బులు ఎక్కువగా వస్తున్నాయని ఆయన గమనించాడు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో శామ్యూల్ క్లైన్ బృందం చేసి 2004లో ప్రచురించిన పరిశోధన దీన్ని మరో వైపు నుంచి బలపరిచింది. స్థూలకాయం ఉన్న 15 మంది మహిళల పొట్ట నుంచి లైపోసక్షన్ ద్వారా సుమారు పది కిలోల చొప్పున చర్మం కింది కొవ్వును తీసేశారు. రెండున్నర, మూడు నెలల తర్వాత పరీక్షిస్తే వాళ్ల రక్తపోటు, కొలెస్ట్రాల్, చక్కెర, ఇన్సులిన్ పనితీరు దాదాపు ఎక్కడివక్కడే ఉన్నాయి. కనిపించే పొట్ట అంత తగ్గినా ఒంటికి ఒరిగింది లేదు.

కనిపించే కొవ్వు అంత సులభంగా ఎందుకు వదలదు? కొవ్వు కణం తన నిల్వను బయటికి వదలాలంటే అడ్రినలిన్, నారడ్రినలిన్ హార్మోన్ల ఆదేశం కావాలి. ఆ ఆదేశాన్ని అందుకునే గ్రాహకాలు కణం మీద రెండు రకాలుగా ఉంటాయి. బీటా రకం కొవ్వును విడుదల చేయిస్తుంది, ఆల్ఫా-2 రకం ఆపుతుంది. లోపలి కొవ్వు కణాల్లో బీటా ప్రభావం ఎక్కువ, పైగా కొవ్వు విడుదలను అడ్డుకునే ఇన్సులిన్ మాట అవి అంతగా వినవు. చర్మం కింది కణాల్లో ఆల్ఫా-2 ప్రభావం ఎక్కువ. ఒకే ఉపవాసం, ఒకే నడక రెండు చోట్లా ఒకే ఫలితం ఇవ్వకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఇక కొవ్వు ఎవరికి ఎక్కడ చేరాలన్నదాంట్లో పుట్టుకకు పెద్ద వాటా ఉంది. కెనడాలో క్లోడ్ బుషార్ బృందం 12 జంటల ఏకరూప కవలలకు వంద రోజుల వ్యవధిలో 84 రోజులు రోజుకు వెయ్యి కేలరీలు అదనంగా తినిపించి 1990లో ఫలితాలు ప్రకటించింది. అందరూ తిన్న అదనం ఒకటే అయినా ఒకరు నాలుగు కిలోలు పెరిగితే ఇంకొకరు పదమూడు కిలోలు పెరిగారు. కవలలిద్దరిలో మాత్రం పెరిగిన బరువూ, కొవ్వు చేరిన చోటూ చాలావరకు కలిశాయి. పక్కింటివాళ్లకు రెండు నెలల్లో తగ్గిన నడుము మనకు తగ్గలేదంటే క్రమశిక్షణ లోపించిందని అర్థం కాదు. మరో సంగతి, బరువు తగ్గినప్పుడు కొవ్వు కణాల సంఖ్య తగ్గదు, అవి చిన్నవవుతాయి. అణ్వస్త్ర పరీక్షల వల్ల వాతావరణంలోకి చేరిన కార్బన్-14 ఆనవాళ్లను కణాల్లో లెక్కగట్టి, స్టాక్‌హోమ్ కరోలిన్స్కా సంస్థకు చెందిన కిర్‌స్టీ స్పాల్డింగ్ బృందం 2008లో ఈ విషయాన్ని నిర్ధారించింది. పెద్దవాళ్లలో ఏటా పది శాతం కణాలు పోయి కొత్తవి వస్తాయి కానీ మొత్తం సంఖ్య మారదు. బరువు తగ్గించే శస్త్రచికిత్స తర్వాత కూడా అంతే.

అయితే పొట్టకే పని చెప్పి అక్కడి కొవ్వును కరిగించవచ్చు కదా అన్నది తరచూ వినిపించే వాదన. సిటప్స్, క్రంచెస్, చెమట పట్టించే నడుము బెల్టులు, పొట్టకు అద్దే జెల్లులు, ఇవన్నీ ఆ నమ్మకం మీదే అమ్ముడవుతున్నాయి. టెన్నిస్ ఆటగాళ్లు ఏళ్ల తరబడి ఒకే చేత్తో ఆడతారు. ఆ నమ్మకమే నిజమైతే ఆడే చేతిమీద కొవ్వు పలచబడాలి. 1971లో కొలిచి చూస్తే ఆడే చేయి కండ పెరిగి లావైంది తప్ప రెండు చేతుల మీదా చర్మం కింది కొవ్వు మందం ఒకటిగానే ఉంది. 1984లో మరో ప్రయోగంలో యువకులతో 27 రోజుల్లో మొత్తం 5004 సిటప్స్ చేయించి పొట్ట, వీపు, పిరుదుల నుంచి కొవ్వు కణాలను తీసి పరిశీలించారు. పొట్ట కణాలు మిగతా చోట్ల కణాలకన్నా ప్రత్యేకంగా తగ్గలేదు. పనిచేస్తున్న కండరం పక్కనున్న కొవ్వులో రక్తప్రసారం, కొవ్వు విడుదల కాస్త పెరుగుతాయని డెన్మార్క్ పరిశోధకులు 2007లో చూపించిన మాట నిజమే. కానీ అక్కడ విడుదలైన కొవ్వు పరిమాణం బహు స్వల్పం, దానితో నడుము కొలత మారదు. పొట్ట వ్యాయామాలు కండరాలకు బలం ఇస్తాయి, వెన్నుకు ఆసరా అవుతాయి. ఆ మేలు కోసం చేయవలసిందే. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం, తేనె కలుపుకుని తాగడానికి మాత్రం కొవ్వును కరిగించే శక్తి ఏదీ లేదు. తేనెతో కేలరీలు కొన్ని అదనంగా చేరతాయి, అంతే.

లోపలి కొవ్వు కథ ఇందుకు పూర్తిగా భిన్నం. కొద్దిపాటి బరువు తగ్గినప్పుడు దామాషా ప్రకారం చూస్తే చర్మం కింది కొవ్వుకన్నా అదే ఎక్కువగా పోతుందని అనేక ప్రయోగాల ఫలితాలను కలిపి చేసిన సమీక్షలు చెబుతున్నాయి. కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ రాస్ బృందం చేసిన ప్రయోగం మరీ ముఖ్యమైనది. స్థూలకాయం ఉన్న పురుషుల్లో కొందరితో దాదాపు మూడు నెలలు రోజూ వ్యాయామం చేయించి, ఖర్చయిన కేలరీలకు సరిపడా తిండి కూడా పెట్టారు. బరువు తగ్గకుండా చూడటమే అక్కడ ఉద్దేశం. అనుకున్నట్టే తూకం కదల్లేదు. స్కానింగ్‌లో మాత్రం లోపలి కొవ్వు తగ్గింది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో రాయ్ టేలర్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో 11 మంది మధుమేహ రోగులకు వైద్యుల పర్యవేక్షణలో రోజుకు 600 కేలరీల ఆహారం ఇస్తే, మొదటి వారంలోనే కాలేయంలోని కొవ్వు మూడోవంతు దాకా తగ్గి, పరగడుపు చక్కెర మామూలు స్థాయికి వచ్చింది. వారం రోజుల్లో ఆ రోగుల పొట్టలు అద్దంలో ఏమంత మారి ఉండవు. జబ్బును నిర్ణయించే మార్పు మాత్రం అప్పటికే జరిగిపోయింది.

అలాగైతే పొట్టను పట్టించుకోనక్కర్లేదా అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. మన విషయంలో ఆ నిశ్చింత ప్రమాదం. పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ అనే ఇద్దరు వైద్యులు తమ సొంత ఒళ్లనే ఉదాహరణగా చూపుతూ 2004లో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న రచన చేశారు. ఎత్తు, బరువులను బట్టి లెక్కగట్టే బీఎంఐ ఇద్దరికీ 22.3. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూడటానికి సన్నగా ఉన్న భారతీయుడిలో కూడా కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉంటుందనీ, సగటున 2.7 కిలోల బరువుతో పుట్టే పుణె పల్లెల పిల్లల్లోనే ఈ తీరు మొదలవుతోందనీ యాజ్ఞిక్ పరిశోధనలు చూపించాయి. చర్మం కింద దాచుకునే చోటు తొందరగా నిండిపోతే మిగిలింది కాలేయానికీ క్లోమానికీ చేరుతుంది. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా జరిపించి 2023లో వెల్లడించిన సర్వేలో, బీఎంఐ లెక్కన స్థూలకాయులు 28.6 శాతమైతే నడుము కొలత ప్రకారం పొట్ట ఊబకాయం ఉన్నవారు 39.5 శాతం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో పొట్ట ఊబకాయం నివారణను ప్రత్యేకంగా చేర్చింది. కాబట్టి పొట్ట గురించి పట్టింపు ఉండాల్సిందే. చూడవలసిన చోటు మారాలి.

స్కానింగ్ లేకుండా లోపలి సంగతి తెలిసేదెలా? నూటికి నూరుపాళ్లు తెలియదు, కానీ దగ్గరి ఆనవాళ్లున్నాయి. మొదటిది దర్జీ టేపు. ప్యాంటు బెల్టు పెట్టుకునే చోట కాదు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ నడిమధ్యన, మామూలుగా ఊపిరి వదిలిన క్షణంలో, టేపు బిగించకుండా కొలవాలి. భారతీయులకు పురుషుల్లో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని మన వైద్యుల ఏకాభిప్రాయం. ఎత్తులో సగానికి మించకూడదన్నది ఇంకో సులభమైన కొలత. రెండోది రక్త పరీక్ష. ట్రైగ్లిజరైడ్లు, పరగడుపు చక్కెర, హెచ్‌బీఏ1సీ, కాలేయ ఎంజైములు. మొదలుపెట్టినప్పుడు ఒకసారి, మూడు నెలలకు మరోసారి చేయించుకుంటే అద్దం చెప్పని కబురు తెలుస్తుంది. అల్ట్రాసౌండ్‌లో ఫ్యాటీ లివర్ అని తేలినవారు దాని గ్రేడు మారిందో లేదో కూడా చూసుకోవచ్చు.

"ఈ రిపోర్టులన్నీ సరే, నాకు కావలసింది చదునైన పొట్ట" అనేవాళ్ల కోరికను తీసిపారేయడం న్యాయం కాదు. నచ్చిన బట్టలు వేసుకోవాలనుకోవడం, పెళ్లిళ్లలో నలుగురి మాటలు పడకుండా తిరగాలనుకోవడం సహజం. సమస్య కోరికతో కాదు, దానికి పెట్టుకునే లక్ష్యంతో, గడువుతో. 1997లో గ్యారీ ఫాస్టర్ బృందం 60 మంది మహిళలను చికిత్సకు ముందు ఎంత తగ్గాలనుకుంటున్నారని అడిగింది. సగటున తమ బరువులో మూడోవంతు తగ్గాలన్నారు. పదిహేడు కిలోలు మాత్రమే తగ్గితే నిరాశే అన్నారు. 48 వారాల తర్వాత వాళ్లు నిజంగా తగ్గింది సగటున పదహారు కిలోలు. వైద్యపరంగా అది గొప్ప ఫలితం. అయినా దాదాపు సగం మంది తాము నిరాశగా లెక్కగట్టిన స్థాయిని కూడా చేరలేదు. చేరలేని లక్ష్యం, దాని వెంట నిరాశ, మానేయడం, మళ్లీ బరువు పెరగడం, మళ్లీ ఇంకా పెద్ద లక్ష్యంతో మొదలుపెట్టడం. ఈ చక్రాన్ని టొరంటో మనస్తత్వ శాస్త్రవేత్తలు జానెట్ పొలివీ, పీటర్ హెర్మన్ వివరంగా పరిశీలించారు. వాళ్ల పరిశీలన ప్రకారం, ఇలా ఓడినవారు సాధారణంగా లక్ష్యాన్ని తప్పుపట్టరు, తమనే తప్పుపట్టుకుంటారు. పొట్ట విషయంలో జరుగుతున్నదీ అదే. చివర కరగవలసినదాన్ని మొదటి నెల పరీక్షగా పెట్టుకుని, అందులో తప్పామని మొత్తం చదువే మానేస్తున్నాం.

స్త్రీల విషయంలో ఇంకొంచెం చెప్పాలి. కాన్పు తర్వాత మిగిలిపోయే పొట్టలో చాలాసార్లు కొవ్వుకన్నా కండరం పాత్రే ఎక్కువ. గర్భంలో బిడ్డ పెరిగేటప్పుడు పొట్ట మధ్యలోని రెండు నిలువు కండరాలు పక్కలకు జరుగుతాయి, కొందరిలో అవి తిరిగి దగ్గరకు రావు. అప్పుడు లోపలి అవయవాలు ముందుకు తోసుకొచ్చి పొట్ట ఎత్తుగా కనిపిస్తుంది. దానికి తిండి తగ్గించి ప్రయోజనం లేదు, బాలింతకు నష్టం కూడా. ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలు కావాలి. సిజేరియన్ కుట్టు పైన మడతపడే చర్మం కూడా ఉపవాసాలతో పోయేది కాదు. ఇక ముట్లుడిగే వయసులో ఈస్ట్రోజెన్ తగ్గి, అంతవరకు తుంటి, తొడల్లో చేరిన కొవ్వు పొట్టవైపు మళ్లుతుంది. తిండి మారకపోయినా నడుము పెరగడం ఆ వయసులో మామూలే. దాన్ని తిండిపోతుతనంగా ఎత్తిచూపే ఇంట్లోవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

చేయవలసిన పనుల్లో రహస్యం ఏమీ లేదు. మనకు టిఫిన్ ఇడ్లీనో దోసెనో, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నమో చపాతీయో. పిండిపదార్థాల్లో కొంత తగ్గించి ఆ చోట పప్పు, గుడ్డు, చేప, కూర పెంచడం, వారానికి కనీసం 150 నిమిషాలు చెమట పట్టేలా నడవడం, కండ నిలిచేలా బరువులెత్తే వ్యాయామం కొంత చేయడం, మద్యం మానడం సరిపోతాయి. నిద్రను మాత్రం చాలామంది లెక్కలోకి తీసుకోరు. మేయో క్లినిక్ పరిశోధకులు 2022లో చూపినదాని ప్రకారం, రెండు వారాలపాటు రోజుకు నాలుగు గంటలే పడుకున్నవారిలో లోపలి కొవ్వు పదకొండు శాతం పెరిగింది, తూకంలో మాత్రం పెద్ద మార్పు తెలియలేదు. షుగరుకు ఇన్సులినో మాత్రలో వాడుతున్నవారు తిండి తగ్గించేముందు డాక్టరును తప్పక అడగాలి, చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంటుంది. మిగతావారికి ఒకటే విన్నపం. ఇక నావల్ల కాదు అనిపించిన రోజున అద్దం ముందు నిర్ణయం తీసుకోకండి. మొదట్లో రాసిపెట్టుకున్న నడుము కొలతను, పాత రక్త పరీక్షను బయటికి తీసి, కొత్త వాటిని పక్కన పెట్టి చూడండి. ఆ అంకెలు తగ్గుతుంటే మీ ప్రయత్నం పనిచేస్తోంది, దాన్ని ఆపకండి.