హెచ్.ఆర్. ఉద్యోగానికి ఏ చదువు? – ఫీజు కట్టేముందు కొన్ని మాటలు

ఏటా జూన్ నెలలో మన సంఘానికి ఫీజుల దరఖాస్తులు వస్తాయి. ఇదివరకు అవన్నీ పిల్లల చదువుల కోసమే. కొన్నేళ్లుగా ముప్పై దాటినవారు కూడా వస్తున్నారు. ప్రైవేటు బడిలో పదేళ్లు పాఠాలు చెప్పిన సోదరి, గల్ఫ్‌లో కూలీల మేస్త్రీగా పనిచేసి తిరిగొచ్చిన సోదరుడు, బట్టల దుకాణంలో లెక్కలు రాసే యువకుడు. అందరిదీ ఒకటే ప్రశ్న: "మాస్టారూ, హెచ్.ఆర్. వైపు మారాలనుకుంటున్నాం. ఏ కోర్సు చేయాలి?"

ఈ ప్రశ్నకు మేము ఒకసారి తొందరపడి జవాబు చెప్పాం. ఒక సోదరి మూడు నెలల కోర్సు కరపత్రం తెచ్చి చూపిస్తే, ఫీజు ఎంతో చూశాం గానీ ఆ పత్రం ఎవరిస్తారో అడగలేదు. కోర్సు పూర్తయింది, మెరిసే ముద్రతో సర్టిఫికెట్టూ వచ్చింది. మొదటి ఇంటర్వ్యూలోనే "ఇది ఏ విశ్వవిద్యాలయానిది?" అన్నారట. ఆమె దగ్గర సమాధానం లేదు. తప్పు ఆమెది కాదు, మాది. దాతల సొమ్ము అమానత్. అందుకే తర్వాత తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఆ పని ఏమిటో తెలియాలి. హెచ్.ఆర్. అంటే ఇంటర్వ్యూలు చేయడమే అని చాలామంది అనుకుంటారు. కొత్తగా చేరినవారి చేతికి వచ్చేది హాజరు, సెలవులు, జీతాల పట్టీ, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. ఒక ఉద్యోగి వేతనం 14,000 రూపాయలు, అందులో విడి భత్యాలేవీ లేవు అనుకుందాం. పి.ఎఫ్. కింద 12 శాతం, అంటే 1,680 రూపాయలు అతని జీతంలో తగ్గిస్తారు, యజమానీ అంతే కట్టాలి. ఇ.ఎస్.ఐ.కి ఉద్యోగి వాటా 0.75 శాతం, 105 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, 455 రూపాయలు. ఈ లెక్క తప్పితే ఒక కార్మికుడి ఇంట్లో వైద్యం ఆగిపోవచ్చు. కాబట్టి ఇది ఓర్పు, నమ్మకం కావలసిన పని.

ఇక చదువుల సంగతి. దారులు ముఖ్యంగా నాలుగు.

మొదటిది రెండేళ్ల పీజీ: హెచ్.ఆర్. ప్రధానాంశంగా ఎం.బి.ఎ. లేదా ఎం.ఎస్.డబ్ల్యూ. ఫ్యాక్టరీలో సంక్షేమ అధికారి కావాలనుకునేవారు ఇటువైపు చూడాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ 500 మంది, అంతకుమించి కార్మికులున్న చోట ఆ అధికారి ఉండాలంది. వృత్తి భద్రతపై వచ్చిన 2020 కోడ్‌లో ఆ సంఖ్య 250. ఆ పదవికి నియమావళిలో చెప్పిన అర్హతే ఉండాలి, చిన్న సర్టిఫికెట్లు పనికిరావు.

రెండవది ఏడాది పీజీ డిప్లొమా. ఇగ్నో దూరవిద్యలో మానవ వనరుల నిర్వహణ డిప్లొమా ఉంది. ఏ డిగ్రీ ఉన్నా చేరవచ్చు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నంలో ఇగ్నో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. ఉద్యోగం మానకుండా చదవాలనుకునే తల్లులకు, తండ్రులకు మేము తరచుగా చెప్పేది ఇదే.

మూడవది బ్రిటన్‌కు చెందిన సి.ఐ.పి.డి. అర్హత. ఇందులో 3, 5, 7 అని స్థాయిలుంటాయి, కొత్తవారికి 3వ స్థాయి. గల్ఫ్‌లోనో బ్రిటన్‌లోనో పనిచేయదలచినవారికి దీని విలువ ఉంది. మన ఊళ్లలో ఉద్యోగానికి ఇంత ఖర్చు అవసరం లేదు.

నాలుగవది డిగ్రీ లేనివారి దారి. వీరు ముందు డిగ్రీ పూర్తిచేయాలి. 1982లో హైదరాబాదులో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇలాంటివారి కోసమే. ఈలోగా ఎక్సెల్, ట్యాలీ నేర్చుకుని జీతాల పట్టీ రాసే చోట చేరితే చదువూ అనుభవమూ కలిసి నడుస్తాయి.

దరఖాస్తుదారులను ఇప్పుడు మేము మూడు ప్రశ్నలు అడుగుతున్నాం. మీ చేతిలో ఇప్పుడు ఏ చదువుంది? మీరు పనిచేయదలచింది ఎక్కడ – ఫ్యాక్టరీలోనా, ఆసుపత్రిలోనా, విదేశంలోనా? జీతం తగ్గినా, ఆగినా ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది? ఆ తర్వాత ఒక పని చెబుతాం. తమకు నచ్చిన ఉద్యోగ ప్రకటనలు పది సేకరించి, ఒక్కోదానిలో ఏ అర్హత అడిగారో కాగితం మీద రాసుకురమ్మంటాం. కరపత్రం చెప్పని నిజం ఆ కాగితం చెబుతుంది. దూరవిద్య అయితే ఆ కోర్సుకు యు.జి.సి. గుర్తింపు ఉందో లేదో చూశాకే ఫీజు.

పాత అనుభవాన్ని తక్కువ చేసుకోవద్దని కూడా చెబుతున్నాం. టీచర్లు రానిరోజు పీరియడ్లు సర్దడం, తల్లిదండ్రుల ఫిర్యాదు ఓపికగా వినడం, హాజరుపట్టీ తప్పు లేకుండా రాయడం – ఇవన్నీ హెచ్.ఆర్. పనులే. నలభై మంది కూలీల మధ్య తగవు తీర్చిన మేస్త్రీకి ఏ పుస్తకమూ నేర్పనిది తెలుసు. దానికి గుర్తింపు ఉన్న ఒక పత్రం తోడుకావాలి, అంతే.

దాతలకు మా విన్నపం రెండు మాటల్లో. ఫీజు మొత్తం ఒకేసారి కాకుండా, పరీక్ష పాసైనకొద్దీ విడతలుగా ఇద్దాం. అంతకన్నా ముఖ్యం, మీకు దుకాణమో ఆసుపత్రో కర్మాగారమో ఉంటే, చదువుకుంటున్నవారికి మూడు నెలలు మీ ఆఫీసులో కూర్చునే చోటివ్వండి. "అనుభవం ఉందా?" అన్న ప్రశ్నకు డబ్బు సమాధానం కాదు, ఆ మూడు నెలలే సమాధానం.

మొదట చెప్పిన సోదరి మళ్లీ మా దగ్గరకు వచ్చింది. ఇప్పుడు ఏడాది డిప్లొమా చదువుతోంది. ఉదయం బడి, రాత్రి పుస్తకం. ఈసారి విశ్వవిద్యాలయం పేరు మేము అడగకముందే ఆమే చెప్పింది.