హజ్‌కు డబ్బు కూడింది... మరి కాళ్లో?

హజ్ అనగానే మన ఇళ్లలో మొదట వేసేది డబ్బు లెక్క. కూతురి పెళ్లి అయ్యాక, అప్పులు తీరాక, ఉద్యోగ విరమణ సొమ్ము చేతికొచ్చాక దరఖాస్తు పెడతారు. స్తోమత గలవారికే హజ్ విధి అని దివ్యఖుర్ఆన్ (3:97) తెలుపుతోంది. స్తోమత అంటే సొమ్ము ఒక్కటే కాదనీ, దేహారోగ్యం, దారి భద్రత కూడా అందులోవేననీ ధర్మవేత్తలు వివరించారు. అయినా ఇరవై ఏళ్లు పైసా పైసా కూడబెట్టిన మనిషి, ఇరవై రోజులైనా కాళ్లను సిద్ధం చేసుకోకుండా విమానం ఎక్కడం మనలో మామూలైపోయింది.

అక్కడ నడక ఎంతో చూడండి. సఫా, మర్వాల మధ్య ఏడుసార్లు నడిచే సయీ ఒక్కటే మూడు కిలోమీటర్లు దాటుతుంది. దానికి ముందు కాబా చుట్టూ ఏడు ప్రదక్షిణలు. రద్దీ వల్ల పై అంతస్తుకు పోవలసివస్తే ఒక్కో ప్రదక్షిణ దూరం ఎన్నో రెట్లు పెరుగుతుంది. తర్వాత మినా గుడారం నుంచి జమరాత్‌కు వెళ్లి రావడం - అదీ ఒక్కరోజు కాదు, వరుసగా మూడు నాలుగు రోజులు. పైగా ఎండ. 2024 జూన్‌లో హజ్ వేళ మక్కాలో వేడి 51 డిగ్రీలు దాటింది. ఆ ఏడాది 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో ఎక్కువమంది అనుమతి పత్రాలు లేక, నీడ లేక, ఎండలో దూరాలు నడిచినవారు. అనుమతి ఉన్నవారికి గుడారం, బస్సు ఉంటాయి, నిజమే. కాని బస్సు దిగాక నడవాల్సింది తమ కాళ్లతోనే.

"రమజాన్ వెళ్లాక మొదలుపెడదాంలే" అంటారు కొందరు. లెక్క చూడండి. షవ్వాల్ మొదటి తేదీ నుంచి జుల్ హిజ్జా ఎనిమిది వరకు రెండు నెలల పైచిలుకే. విమానాలు అంతకు ముందే బయలుదేరతాయి. రజబ్‌లో మొదలుపెడితే తొందర ఉండదు.

ఇక మొదలుపెట్టడం ఎలా? బీపీ, షుగర్, గుండె, మోకాళ్ల బాధ ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి. తర్వాత ఫజ్ర్ నమాజు అయ్యాక మళ్లీ ముసుగుతన్ని పడుకోకుండా, మసీదు నుంచి ఇంటికి చుట్టుదారిన రావడంతో ప్రారంభించవచ్చు. మొదటి వారం పది నిమిషాలు చాలు. ఆపై వారానికి అయిదు నిమిషాల చొప్పున పెంచితే ఎనిమిదో వారానికి ముప్పావుగంట అవుతుంది. వారానికి అయిదు రోజులు నడిచి, రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలి. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయిదో వారానికే అక్కడికి చేరుకుంటాం.

వేగం ఎంత? నడుస్తూ దరూద్ పైకి చదవగలగాలి. మాట మాటకూ ఆయాసం వస్తే తగ్గించండి. గుండెలో నొప్పి, తల తిరగడం ఉంటే అక్కడే ఆగి, డాక్టరు దగ్గరకు వెళ్లండి. మొదటిరోజే ఉత్సాహంగా గంట నడిచి, మర్నాడు పిక్కలు పట్టి, వారం తిరక్కుండానే మానేసేవారే ఎక్కువ. కొద్దిపాటిదైనా నిలకడగా చేసే పనే అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమని దైవప్రవక్త (స) తెలిపినట్లు హజ్రత్ ఆయిషా (ర.అన్హా) ఉల్లేఖించారు. ఆచరణల గురించిన ఈ మాట నడకకూ చక్కగా వర్తిస్తుంది.

మన స్త్రీల సంగతి వేరు. "బజారులో నడిస్తే నలుగురూ ఏమంటారో" అనే జంకుతోనే చాలామంది తల్లులు ఇల్లు కదలరు. వంటింట్లో పొద్దంతా తిరిగేది చాలదా అంటారు. చాలదు. అది ఆగి ఆగి వేసే అడుగులు. డాబా మీదో, పెరట్లోనో, కోడలితో కలిసి వీధి చివరి వరకో నడవవచ్చు. దైవప్రవక్త (స) ప్రయాణంలో హజ్రత్ ఆయిషాతో పరుగుపందెం వేశారని, మొదటిసారి ఆమె గెలిచారని, కొంతకాలానికి ఒళ్లు చేశాక ఆయన గెలిచి, దానికిది చెల్లు అన్నారని అబూదావూద్ గ్రంథంలో ఉంది. ఇక అమ్మీని డాబా మీద నాలుగు చుట్లు తిరగమనడానికి మనకు మొహమాటం దేనికి!

నడక ముప్పావుగంటకు చేరాక, వారంలో ఒకరోజు ఉదయం, సాయంత్రం రెండుపూటలా నడవాలి. చివరి నెలలో మూడు రోజులు వరుసగా అలా చేసి చూడండి. మినా రోజులకు అదే అలవాటు. మెట్లు కూడా ఎక్కి దిగుతుండాలి. ఎండకు అలవాటు పడాలని మిట్టమధ్యాహ్నం నడవడం మాత్రం తెలివితక్కువ పని.

ఎంత ప్రయత్నించినా కాళ్లు సహకరించనివారు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. హజ్రత్ ఉమ్మె సలమా (ర.అన్హా) అస్వస్థతగా ఉన్నప్పుడు వాహనంపై తవాఫ్ చేయమని దైవప్రవక్తే (స) చెప్పారు. నేడు చక్రాల కుర్చీలున్నాయి.

చెప్పుల విషయం చివరికి వదిలేయకండి. ఇహ్రామ్‌లో మగవారు చీలమండలు కప్పే బూట్లు తొడగరాదు. కనుక అక్కడ వేసుకోబోయే చెప్పులనే ఇక్కడ రెండు నెలలు వాడి మెత్తబరచాలి. కొత్తవి వేసుకుంటే రెండోరోజే బొబ్బలు. హరమ్ ద్వారం దగ్గర విడిస్తే తిరిగి దొరకడం కష్టం. గుడ్డసంచిలో పెట్టి వెంట ఉంచుకోండి. షుగర్ వ్యాధి ఉన్నవారికి అరికాళ్ల స్పర్శ తగ్గవచ్చు. కాలే రోడ్డు మీద వట్టికాళ్లతో నాలుగడుగులు వేసినా వారికి తెలియకుండానే పుండు పడుతుంది. వారు రోజూ పడుకునే ముందు అరికాళ్లు చూసుకోవాలి. వంగలేకపోతే, చూసిపెట్టమని పక్కవారిని అడగాలి.