మందు మీద మన ఇళ్ళలో మారిన చూపు

ఈ మధ్య ఒక కుటుంబం మా సంఘం హాలును రిసెప్షన్‌కు అడిగింది. మేడ మీద మందు ఏర్పాటు చేసుకోవచ్చా అని కూడా అడిగారు. ఇరవై ఏళ్ళ కిందట అడగడానికే మొహమాటపడేవారు. కార్యవర్గంలో సగం మంది వద్దన్నారు, సగం మంది ‘ఈ రోజుల్లో ఎవరు తాగడం లేదు?’ అన్నారు. అందుకే కొన్ని పాత సంగతులు గుర్తు చేస్తున్నాం.

మన తాతల పల్లెల్లో కల్లు వింత కాదు. కష్టం చేసినవాళ్ళు పొద్దుగూకాక తాగేవారు, గ్రామదేవతకూ పోసేవారు. కొన్ని ఇళ్ళు ముట్టేవి కావు, అంతే. దాన్ని దేశం సమస్యగా చూపింది గాంధీగారి ఉద్యమం. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది. మరుసటి ఏడు అది చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. పోయిన రాబడి పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను వేశారు. గుమాస్తాగిరీ చేసినవాళ్ళం కనుక ఒక మాట: తర్వాత దుకాణాలు తిరిగొచ్చాయి గాని పన్ను పోలేదు.

1948 నాటికి ఉమ్మడి మద్రాసు రాష్ట్రమంతా నిషేధమే. డాక్టరు సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకు పర్మిట్ దొరికేది. అప్పుడది నిజంగానే ‘మందు’! లేనివాళ్ళకు దొంగసారా. ఇళ్ళలో పిల్లల ముందు ఆ పేరెత్తేవారు కారు. 1954లో ఆంధ్రలో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఈ నిషేధం గొడవలోనే పడిపోయింది.

ఇక్కడ కరుణానిధి ప్రభుత్వం 1971లో నిషేధం ఎత్తేసి, 1974లో మళ్ళీ పెట్టింది. 1983లో టాస్మాక్ వచ్చింది. 2003 నుంచి చిల్లర అమ్మకం కూడా దానిదే. సర్కారే బోర్డు కట్టి అమ్ముతుంటే తప్పన్న భావం ఎన్నాళ్ళు నిలుస్తుంది? మన ఇళ్ళలో సిగ్గు కరిగింది అప్పుడేనని మా ఉద్దేశం.

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993లో సారాను, 1995లో ఎన్టీఆర్ హయాంలో మద్యాన్నంతా నిషేధించారు. 1997లో సడలించారు. ఆ ఆడవాళ్ళ గొడవ పాపపుణ్యాల గురించి కాదు, మగవాడి కూలి డబ్బు ఇంటికి చేరకపోవడం గురించి. మా చర్చలో ఆ ఊసే రాలేదు. అక్కడ కూర్చున్నవాళ్ళం అందరం మగవాళ్ళమే మరి.

ప్రస్తుతానికి హాలులో మందుకు అనుమతి లేదని ఆ కుటుంబానికి చెప్పాం. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ అంశం పెడుతున్నాం. ఆడవాళ్ళు కూడా వచ్చి మాట్లాడాలని కోరుతున్నాం.